కిటికీ కింద కుంపటి

మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉండేది, వంటకి కాదు, గౌరవానికి. దాని మీద మా అమ్మ అల్లిక గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద ప్లాస్టిక్ పూల గ్లాసు పెట్టింది. శుక్రవారం నాడు దానికి కుంకుమ బొట్టు కూడా పడేది. సిలిండర్ అయిపోతే మళ్ళీ ఎప్పుడు వస్తుందో బుక్ చేసుకున్న వాడికీ, ఇచ్చే వాడికీ తెలియని రోజులవి. అందుకని మా సందులో గ్యాస్ అంటే చుట్టాలొచ్చినప్పుడు వెలిగించేది. చుట్టాలు శ్రీకాకుళం నుంచి ఏడాదికోసారి వచ్చేవారు. మిగతా రోజులన్నీ మా ఇంట్లో మేమే ఉండేవాళ్ళం కాబట్టి కుంపటితో సరిపెట్టుకునేవాళ్ళం.

కుంపటి అంటే పాత ఇనప బకెట్టు. పక్కన అడుగుకి కాస్త పైన గాలి కోసం ఒక కన్నం, మధ్యలో ఊచలు, లోపల మట్టి పూత, మోయడానికి తీగ పిడి. హిందీ వాళ్ళు సిగిడీ అనేవారు. ఊచల మీద పిడక ముక్కలు, చితుకులు పేర్చి, కాస్త కిరసనాయిలు చల్లి, పైన బొగ్గు పోసి, కింద నుంచి అంటిస్తాం. అరగంటసేపు చిక్కటి పసుపు పొగ వస్తుంది. ఆ అరగంటా కుంపటి బయటే ఉంటుంది. పొగ అంతా పోయి, బొగ్గు ఎర్రగా కణకణలాడేటప్పుడు గుడ్డ పట్టుకుని లోపలికి తెచ్చుకుంటాం. అంటే నిప్పు మాకు, పొగ సందుకి. ఈ పంపకంలో ఏదో తేడా ఉందని నాకు పంతొమ్మిదో ఏడు దాకా తోచలేదు.

భిలాయి సెక్టర్ 2లో మా క్వార్టరు కింది వాటా. రెండు బ్లాకులు వీపు వీపుగా నిలబడి ఉండేవి, మధ్యలో సన్నటి సందు. రెండు వైపులా కలిపి కింది వాటాలు ఎనిమిది, కుంపట్లు ఎనిమిది. పై వాటాల వాళ్ళు అంత బరువు మెట్లెక్కించలేక కిరసనాయిలు స్టవ్వులతో నెట్టుకొచ్చేవారు. చలికాలం వచ్చిందంటే సాయంత్రం అయిదింటికి ఎనిమిది ఇళ్ళ ముందూ ఒకేసారి అగ్గిపుల్ల గీసేవాళ్ళం, ఎవరో గంట కొట్టినట్టు. మా నాన్న స్టీలు ప్లాంటులో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చేసరికి స్నానానికి వేణ్ణీళ్ళు ఉండాలి. వెలిగించే పని నాది. ఇంట్లో నాకు అప్పగించిన పని అదొక్కటే కాబట్టి శ్రద్ధగానే చేసేవాణ్ణి.

ఆ ఏడాది కాలేజీలో మా ఫిజిక్స్ లెక్చరరు, సిలబస్‌లో లేకపోయినా, భూమి వేడెక్కుతోందని ఒక పీరియడంతా చెప్పాడు. మనం కాల్చే ప్రతిదాని పొగా ఎక్కడికీ పోదు, పైనే ఉంటుంది, దుప్పటిలా కప్పుకుంటుంది అన్నాడు. నేను లేచి, సార్, డిసెంబరులో మాకు దుప్పటి చాలడం లేదు, తొందరగా కప్పమనండి అన్నాను. క్లాసు నవ్వింది. ఆయన నవ్వాక, సరే, ఇందులో నీ వాటా ఎంత అన్నాడు. దేశ జనాభాతో భాగిస్తే నా వాటా సున్నా సార్ అన్నాను. ఆయన బోర్డు తుడుచుకుంటూ, "మంచిది. ఇక్కడున్న వాళ్ళందరికీ అదే లెక్క చేసి, ఆ దుప్పటి ఎవరు నేశారో రేపు చెప్పు" అన్నాడు. మర్నాడు నేను కాలేజీకి వెళ్ళలేదు. భయపడి కాదు, క్రికెట్ మ్యాచ్ ఉంది.

మా నెత్తి మీది వాటాలో ఒక ఆంటీ ఉండేవారు. గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు వాళ్ళు. అంకుల్ ప్లాంటులో క్రేన్ నడిపేవారు. ఆంటీ చిన్న బళ్ళో పాఠాలు చెప్పి, ఆదివారం చర్చిలో పాటలు పాడేవారు. పాడితే మా కింది వాటాకి కూడా వినిపించేది. ముందటి చలికాలం ఆవిడకి ఊపిరాడక పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా వస్తే మేం చెయ్యగలిగింది తక్కువ అని డాక్టరు అంకుల్‌తో చెప్పాడట. ఆ సంగతి సందులో అందరికీ తెలుసు. తెలిసీ అందరం అయిదింటికి అగ్గిపుల్ల గీసేవాళ్ళం.

నవంబరు ఆఖర్న ఒక సాయంత్రం ఆంటీ కిందికి దిగి వచ్చారు. నేను పిడకలు విరుస్తున్నాను. మా అమ్మ, ఎదుటి బ్లాకు చివరింటి దీదీ, ఇంకో ఇద్దరు గుమ్మాల్లో ఉన్నారు.

"బాబూ, ఒక్క మాట," అన్నారు ఆంటీ. ఆ ఒక్క మాటకీ, తర్వాతి మాటకీ మధ్య ఆవిడ రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "ఈ కుంపటి మా కిటికీ కిందే ఉంటోంది కదా. సాయంత్రం అయ్యేసరికి నాకు గాలి ఆడటం లేదు. కాస్త అవతలగా పెట్టుకుంటారా?"

జనం చూస్తున్నారు. చూసే జనం ఉన్నప్పుడు నా నోరు నా మాట వినదు. చెయ్యెత్తి దూరంగా కనిపిస్తున్న ప్లాంటు చిమ్నీల వరసని చూపించాను.

"ఆంటీ, వాటిముందు మా కుంపటి ఏపాటిది? ముందు వాటిని కాస్త అవతలకి జరగమనండి. వెనకాలే మాదీ జరుపుతాను."

సందు నవ్వింది. దీదీకి తెలుగు సరిగా రాదు. పక్కావిడ హిందీలో చెప్పాక ఆవిడ విడిగా నవ్వింది. ఆంటీ కూడా మర్యాదకి చిన్నగా నవ్వారు.

"వాటి పొగ అంత ఎత్తు నుంచి పైకి పోతోంది బాబూ. మీ పొగకి మా కిటికీయే చిమ్నీ," అని మెట్లెక్కి వెళ్ళిపోయారు. నాలుగో మెట్టు దగ్గర ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ ఎక్కారు.

ఆవిడ అన్న మాట నా జోకు కంటే బాగుంది. అందుకే నాకు నచ్చలేదు. పిడకలు పేర్చి అక్కడే వెలిగించాను.

ఆ వారంలో అంకుల్ మిగతా ఏడు ఇళ్ళకీ విడిగా వెళ్ళి అడిగారు. ఏడు గుమ్మాల్లోనూ ఆయనకి చిమ్నీల వైపు చెయ్యి చూపించారట. నా జోకే, ఒక్క మాట మారకుండా. ఒక ఇంట్లో తెలుగులో, ఒక ఇంట్లో హిందీలో, ఇంకో ఇంట్లో ఒడియాలో. నేను ఎప్పుడో ఏదో వేదిక మీద పేరు తెచ్చుకుంటాననుకునేవాణ్ణి గాని, ఇలా తెచ్చుకుంటాననుకోలేదు.

మా నాన్నకి ఇది తెలిసి అన్నం దగ్గర అడిగాడు. "ఆవిడతో ఏటన్నావు?"

"సరదాకన్నాను."

"ఆవిడికి సరదాగా ఉన్నాదేటి?" అని చారు పోసుకున్నాడు. ఆ చారు కుంపటి మీద కాచిందే.

మర్నాడు నేను కుంపటిని పది అడుగులు పక్కకి జరిపాను. అక్కడ ఇంకో కిటికీ ఉంది. ఆ కిటికీ వాళ్ళు తమ కుంపటిని ఇంకో పది అడుగులు జరిపారు. అలా వారం తిరిగేసరికి సందులో ఎనిమిది కుంపట్లూ ఒక్కో చోటు పక్కకి జరిగాయి. ఎవరి పొగ వాళ్ళ కిటికీ కింద లేకుండా పోయింది. పొగ మాత్రం ఎంత ఉండేదో అంతే ఉంది. మాది జరిగి జరిగి పై వాటాల మెట్ల మొదట్లో ఆగింది. అక్కడ కిటికీ లేదు కాబట్టి మంచి చోటే అనుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం సందులో మీటింగు పెట్టారు. వంతులు వేసుకుందాం, రోజుకి నలుగురే వెలిగిద్దాం, మిగతా నలుగురూ గ్యాస్ వాడదాం అన్నారు. నేను మూడు భాషల్లో టైంటేబుల్ రాసి కరెంటు స్తంభానికి అంటించాను. చేతిరాత బాగుందని అందరూ మెచ్చుకున్నారు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడోరోజు ఒకరింట్లో పెళ్ళిచూపులు, వంతు కాకపోయినా వెలిగించారు. అది చూసి ఇంకొకరు. నాలుగో రోజు, నేనొక్కణ్ణే ఆపితే ఏటవుతాది అని మా పక్కింటాయన అన్నప్పుడు, అవును గదా అని నేనూ అన్నాను. ఆ రోజు మా వంతు కాదు. అయినా వెలిగించాను.

అమ్మని ఒకసారి అడిగాను, అది కూడా చెప్పాలి.

"అమ్మా, ఈ డిసెంబరంతా గ్యాస్ మీద వండేద్దామా?"

"సుట్టాలొస్తే ఏటి సేస్తావు?"

"కుంపటి పొగ పెడదాం. తొరగా ఎలిపోతారు."

అమ్మ నవ్వాపుకోలేక గరిటెతో వీపు మీద ఒకటి వేసింది. జోకు పేలింది, విషయం పోయింది. నేను నిజంగానే అడిగానా, అడిగానని చెప్పుకోవడానికి అడిగానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను.

డిసెంబరు సగంలో వచ్చింది ఆ రోజు. పొద్దుటినుంచి మబ్బు. మధ్యాహ్నం రెండు చినుకులు పడి, సంచిలో బొగ్గు చెమ్మగిల్లింది. గాలన్నదే లేదు. అయిదు కాకముందే చీకటి ముసిరినట్టుంది. అంకుల్ రెండింటి షిఫ్టుకి వెళ్ళిపోవడం చూశాను. నేను బయటికొచ్చేసరికి ఆరు కుంపట్లు అప్పటికే రాజుకుంటున్నాయి. పొగ పైకి పోకుండా భుజాల ఎత్తున చాప పరిచినట్టు పడి ఉంది. పైన కిటికీ మూసిన చప్పుడు, తర్వాత రెక్కల సందులో తడిగుడ్డ దోపుతున్న చేతివేళ్ళు కనిపించాయి. ఆరు ఉన్నాయి గదా, ఏడోదానికేం అనుకున్నాను. చెమ్మబొగ్గు అంటుకోదని కిరసనాయిలు రెండింతలు పోసి, మెట్ల మొదట్లో పెట్టి, అంటించాను. పొగ అటూ ఇటూ చూసి, దారి దొరికినట్టు, మెట్ల మీదుగా పైకెక్కింది.

ముందు దగ్గు వినిపించింది. దగ్గు మాకు అలవాటే. తర్వాత దగ్గు ఆగిపోయింది. అది అలవాటు లేదు. స్టీలు గిన్నె ఏదో దొర్లిన చప్పుడు. ఆంటీ ఎదురు వాటా ఆవిడ పిట్టగోడ మీంచి వంగి, "ఎవరన్నా రండి, ఈవిడ మాటాడ్డం లేదు," అంది.

నేను మెట్లెక్కాను. ఆంటీ మంచం అంచున కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. నోరు తెరిచే ఉంది, గాలి లోపలికి వెళ్ళడం లేదు. పెదాల రంగు మనిషి పెదాల రంగులా లేదు. చేతిలో పీల్చే మందు డబ్బా ఉంది. దాన్ని ఊపి చూపించారు, అయిపోయిందని. నన్ను చూసి తలుపు వైపు వేలు చూపించారు. బయటికి.

కిందినుంచి, అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మా నాన్న, దీదీ వాళ్ళ భర్త పరిగెత్తుకొచ్చారు. నాన్న చూసిన వెంటనే ఆటో తెస్తానని మార్కెట్ వైపు పరిగెత్తాడు. కుర్చీలో కూర్చోబెట్టి దింపుదాం అన్నాడు దీదీ భర్త, మేం ఆయన్ని భయ్యా అనేవాళ్ళం. అంతా సవ్యంగానే జరిగేది. అక్కడ నాకొక తెలివైన ఆలోచన వచ్చింది.

మెట్ల మొదట్లో మా కుంపటి ఉంది. దాని పక్కనుంచే ఆవిణ్ణి దింపాలి. నేను ఒక్క అంగలో కిందికి దిగి, నాన్న స్నానానికి పెట్టిన బకెట్టు నీళ్ళు ఎత్తి కుంపటిలో కుమ్మరించాను. ఆర్పేశాను. ఆ క్షణాన నా గుండె తేలికపడింది కూడా. తప్పు దిద్దుకున్న మనిషి ముఖం పెట్టే ఉంటాను.

సగం కాలిన చెమ్మబొగ్గు మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఎవరికైనా తెలుసు, నాకు తెలియదా? బుస్సుమని తెల్లటి ఆవిరి, దానితో బూడిద, గంధకం కంపు, ఒక్కసారిగా మెట్ల మీదుగా పైకి లేచింది. నన్ను చూసి సందులో మిగతా వాళ్ళు కూడా పశ్చాత్తాపపడ్డారు. ఒకరి తర్వాత ఒకరు బకెట్లు తెచ్చి ఆరు కుంపట్లలోనూ నీళ్ళు గుమ్మరించారు. అమ్మ, "ఒద్దు, ఒద్దు," అంటూనే ఉంది. ఏడాది మొత్తం మీద మా సందు ఒక్కమాట మీద నిలబడింది ఆ ఒక్క నిమిషమే.

నేను మళ్ళీ పైకెక్కాక, ఆ తెలుపులోంచి ఆవిణ్ణి కుర్చీతో దింపాం. కింద వైపు కుర్చీ కాళ్ళు నేను పట్టుకున్నాను, పై వైపు భయ్యా. నాకు మెట్టు కనిపించలేదు. కాలితో వెతుక్కుని ఒక్కోటీ దిగాను. ఆంటీ చెంగుతో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో నా చొక్కా కాలరు పట్టుకున్నారు. పడిపోతానని పట్టుకున్నారో, నన్ను పట్టుకున్నారో తెలియదు. భయ్యా దగ్గుతున్నాడు, నేను దగ్గుతున్నాను. ఆవిడ దగ్గడం లేదు. అది నాకు వినపడుతూనే ఉంది, ఆ దగ్గకపోవడం. మధ్యలో ఒకచోట నా మడమ జారింది, కుర్చీ ఒరిగింది. "రుక్ రుక్," అన్నాడు భయ్యా. ఆగాం. ఆగిన ఆ రెండు క్షణాలూ ఆవిడ ఆ పొగలోనే ఉన్నారు.

సందు చివర ఆటో వచ్చి నిలబడింది. నాన్నా, ఎదురు వాటా ఆవిడా ఎక్కి మధ్యలో ఆంటీని పట్టుకున్నారు. నేను సైకిలెక్కి వెనకాల తొక్కాను. ఆటో దారంతా కనిపిస్తూనే ఉంది, అందలేదు.

ఆసుపత్రిలో ఆవిణ్ణి తెర వెనక్కి తీసుకెళ్ళారు. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, పొగ పట్టిందా అని హిందీలో అడిగాడు. పట్టింది అన్నారు. ఎక్కడి పొగ అన్నాడు. ఎదురు వాటా ఆవిడ అలవాటు కొద్దీ, "ప్లాంట్ కా," అంది, ప్లాంటుదని. నేను నోరు తెరిచాను. ఎప్పుడూ నా నోట్లో రెండు మాటలు ముందే తయారుగా ఉంటాయి. అప్పుడు లేవు. డాక్టరు ఎవరి జవాబు కోసమూ ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. గంట తర్వాత అంకుల్ ప్లాంటు నుంచి హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చారు. మమ్మల్ని ఏమీ అడగలేదు. అడగాల్సింది ఆయన అంతకుముందే ఇల్లిల్లూ తిరిగి అడిగేశారు.

ఆవిడ బతికారు. ముందే చెప్పేస్తున్నాను, ఎవరినీ ఉత్కంఠలో పెట్టే హక్కు నాకు లేదు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. క్రిస్మస్ అక్కడే గడిచింది. ఆవిడ లేకుండానే చర్చిలో పాటలు పాడుకున్నారు.

మొదటి రెండు రోజుల్లోనే సందు అంతా వెళ్ళి చూసొచ్చింది. పళ్ళు, బిస్కట్లు పట్టుకెళ్ళారు. మంచం పక్కన నిలబడి ప్లాంటుని తిట్టారు. నేను నాలుగో రోజు వెళ్ళాను. ముక్కుకి గొట్టం పెట్టి ఉంది. దారి పొడవునా వాక్యం తయారు చేసుకుని వెళ్ళాను గాని, అది నాటకంలో మాటలా అనిపించి పారేశాను.

"ఆంటీ, ఆ పొగ నాది," అన్నాను.

ఆవిడ గొట్టం సర్దుకున్నారు. "నీ ఒక్కడిదే కాదులే."

"మిగతా ఆరింటి సంగతి నాకు తెలీదు. ఒకటి మాత్రం నేనే అంటించాను. కిరసనాయిలు కూడా ఎక్కువ పోశాను."

"నీళ్ళు పోసింది కూడా నువ్వేనటగా."

"నేనే."

కాసేపు ఊపిరి తీసుకున్నారు. "అయితే ఆ ఒకటీ ఆపు. నేనేమైనా సన్మానం చెయ్యాలా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని బిగబట్టాను. ఆవిడకి కూడా వచ్చినట్టుంది, చెయ్యి అడ్డంగా ఊపారు. "నన్ను నవ్వించకు బాబూ. నవ్వితే ఆయాసం వస్తోంది."

ఇంటికొచ్చేసరికి అమ్మ గ్యాస్ పొయ్యి మీద అన్నం వండుతోంది. అల్లిక గుడ్డ మడతపెట్టి ట్రంకు పెట్టెలో పెట్టేసింది. పూల గ్లాసు టీవీ మీదికి వెళ్ళింది. నాన్న చన్నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టాడు. స్నానాల గదిలోంచి పళ్ళు కటకటలాడిన చప్పుడుతో పాటు ఆంజనేయస్వామి నామం వినిపించేది. అంతకుముందు ఆయనకి అంత భక్తి లేదు.

సందు మారిపోయిందని చెప్పాలని నాకూ ఉంది. మూడిళ్ళ వాళ్ళు మానేశారు. ఇద్దరు కుంపటిని రోడ్డు వైపుకి మార్చారు. మిగతా ఇద్దరూ ఆంటీ ఇంటికి తిరిగొచ్చేదాకా మానేసి, వచ్చిన రెండోరోజు నుంచి మళ్ళీ అంటించారు. ఆంటీ కిటికీ ఇంకా మూసే ఉండేది. అయితే రెక్కల సందులో తడిగుడ్డ కనపడలేదు. ఆ తడిగుడ్డ లేకపోవడంలో మా వాటా ఎంత అని ఒకరోజు లెక్క వెయ్యబోయి మానేశాను. ఆ లెక్కలో నాకు మార్కులు తక్కువ.

ఫిబ్రవరి మొదట్లో సిలిండర్ అయిపోయింది. అదే రోజు మధ్యాహ్నం బండిలో పెద్దమ్మ వాళ్ళు దిగారు, అయిదుగురు. కబురు లేదు. మా చుట్టాలకి కబురు పంపడమంటే అవమానం. పక్కింట్లో సిలిండర్ అడిగితే వాళ్ళదీ ఆఖరికొచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి అమ్మ కుంపటి తీసి నా ముందు పెట్టింది.

"గ్యాసయిపోనాది. ఇంటినిండా మనుసులు. ఈ ఒక్క పూటా ఎలిగించీరా."

"పైన ఆంటీ ఉన్నారు."

"ఉన్నారని నాకు తెలీదేటి?" అమ్మ గొంతు తగ్గించింది. "మీ పెద్దమ్మకి పొద్దుటి నుంచి కడుపులో ఏటీ నేదు. నువ్వే సెప్పు, ఏటి సెయ్యమంటావో."

లోపల పెద్దమ్మ, బండిలో తిన్న పులిహోర బాగులేదని ఎవరికో చెబుతోంది. పైన కిటికీ, ఆంటీ ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి, జానెడు తెరిచి ఉంది. ఆంటీ పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను అగ్గిపెట్టె జేబులో వేసుకుని, పిడకలూ బొగ్గూ నింపి, కుంపటి పిడి పట్టుకుని బయల్దేరాను.

"ఎక్కడికిరా?" అంది అమ్మ.

"వెలిగించి తెస్తా."

మా సెక్టరు దాటాక రోడ్డవతల ఖాళీ మైదానం ఉంది. నిండు కుంపటి బరువెంతో నాకు అప్పుడే తెలిసింది. అన్నేళ్ళూ గుమ్మం నుంచి గుమ్మం ముందుకే మోశాను. తీగ పిడి వేళ్ళలోకి దిగింది. రోడ్డు మీద నా కాలేజీ వాళ్ళు ఇద్దరు సైకిళ్ళాపి, "భాయ్, షికారుకి తీసుకెళ్తున్నావా?" అని అడిగారు. గాలి మార్పు కోసం, డాక్టరు చెప్పాడు అన్నాను. సెక్టరంతా నా పాత జోకు ఎంత వేగంగా తిరిగిందో, ఈ వార్త అంతకంటే వేగంగా తిరిగిందని తర్వాత తెలిసింది.

మైదానం మధ్యలో పెట్టి అంటించాను. పొగ లేచింది. ఎవరి కిటికీ లేదు, ఎవరి మెట్లూ లేవు. చేతులు నడుముకి పెట్టుకుని నిలబడి, నన్ను నేను కాస్త మెచ్చుకునే పనిలో ఉన్నాను. అప్పుడు పొగ ఎటు పోతోందో చూశాను. అవతలి అంచున, తుమ్మ పొదల వెనక, నాలుగు గుడిసెలున్నాయి. ప్లాంటులో ఠేకేదారు కింద పనిచేసే కాంట్రాక్టు కూలీలవి. అన్నేళ్ళుగా అక్కడ క్రికెట్ ఆడాను, బంతి వెతకడానికి ఆ పొదల్లోకి వెళ్ళాను. ఆ గుడిసెల్లో మనుషులు ఊపిరి పీలుస్తారని అప్పుడే చూసినట్టు చూశాను.

ఒక గుడిసెలోంచి ఒకావిడ వచ్చింది. ఆరేసిన చీర తీసి భుజాన వేసుకుని, నా దగ్గరికి నడిచింది. కోపంగా లేదు. కుంపటినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"కా బాబూ, ఘర్ మా జగా నఇ హే కా?"

ఇంట్లో చోటు లేదా అని. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఉంది అంటే ఇక్కడికెందుకు తెచ్చావంటుంది. లేదంటే అబద్ధం. "హై," అన్నాను, అంతే. ఆవిడ తల ఊపి, గుడిసెకి వెళ్ళి, తడిక తలుపు వేసుకుంది.

కుంపటి చేత్తో లేపాను. వెనక్కి తీసుకెళ్తే ఆంటీ కిటికీ. ఇక్కడే ఉంచితే ఈ తడిక. గాలి అటు తిరిగినప్పుడు నేను ఇటు, ఇటు తిరిగినప్పుడు అటు జరిగాను. పది అడుగులు మోసి దింపేవాణ్ణి, గాలి చూసేవాణ్ణి, మళ్ళీ లేపేవాణ్ణి. పొగ అటూ ఇటూ పోకుండా ఉండే చోటు ఒక్కటే దొరికింది, నా ముఖం. గాలికెదురుగా గొంతుక్కూర్చుని, అట్టముక్కతో విసిరాను. పొగ తొందరగా అయిపోవాలని చేతులు మార్చి మార్చి విసిరాను. కళ్ళు మండి నీళ్ళు కారాయి, ముక్కు కారింది, దగ్గీ దగ్గీ పక్కటెముకలు నొప్పెట్టాయి. మామూలు రోజున అరగంట పట్టే పొగ. ఆ అరగంట ఎంత పొడవో అన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని పక్కన నిలబడి చూడలేదు. అంటించి లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

బొగ్గు ఎర్రబడ్డాక, ఉన్న బరువుకి వేడి కూడా తోడై, మెల్లగా ఇంటికి నడిచాను. పెద్దమ్మ వాళ్ళు తిన్నారు. పప్పులో ఉప్పు తక్కువైందన్నారు. అంతదూరం మోసిన నిప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకి తెలియదు కూడా.

మర్నాడు పొద్దున్న బ్రష్ చేసుకుంటూ సందులో నిలబడి దగ్గుతున్నాను. దగ్గితే నల్లగా పడుతోంది. పైనుంచి ఆంటీ తొంగి చూశారు. బడికి తయారై ఉన్నారు, భుజాన సంచీ.

"ఏం బాబూ, నీకెప్పుడొచ్చింది దగ్గు?"

"నిన్నట్నుంచి ఆంటీ."

"మందు వాడుతున్నావా?"

"లేదు. దానంతటదే తగ్గుతుందిలెండి."

"తగ్గితే అదృష్టమే," అన్నారు ఆవిడ. మెట్లు దిగడం మొదలుపెట్టారు. నేను బ్రష్ నోట్లో పెట్టుకునే నిలబడి విన్నాను. నాలుగో మెట్టు దగ్గర ఆగారు, ఊపిరి తీసుకున్నారు, మళ్ళీ దిగారు. ఎనిమిదో మెట్టు దగ్గర ఇంకోసారి. కిందికి వచ్చి నా పక్కనుంచి బడికి వెళ్ళిపోయారు.